ఖాళీ పాలక్యాను

కాశిబుగ్గ, వరంగల్
శ్రావణ శుక్రవారం

మా యమునక్కకు నీ చెల్లెలు వినోద దండాలు.

నీ కవరు అందింది. చింపి చూస్తే లోపల కాగితమే లేదు. బోర్లించి దులిపాను, వెలుతురుకు పట్టి చూశాను, ఏమీ లేదు. రాసిన కాగితం దిండు కింద పెట్టి ఉత్త కవరు అతికించి పంపినట్టున్నావు. అరవై దాటాక నీకు మతిమరుపు, నాకు మోకాళ్లు. మన అమ్మ ఇద్దరికీ తక్కువ చేయకుండా పంచిపోయింది.

ఫోన్ చేసి నవ్వుదామనుకున్నాను. నీకు ఫోన్లో మాట గుయ్యిమనడం తప్ప వినపడదని గుర్తొచ్చి ఊరుకున్నాను. ఒకందుకు మంచిదే అయింది. ఇప్పుడు చెప్పబోయేది ఈ రెండు గదుల ఇంట్లో గొంతెత్తి చెప్పే సంగతి కాదు.

కిందటేడు సద్దుల బతుకమ్మనాడు మా వీధిలో ఏం జరిగిందో నీకు రాయలేదు. ఈ వీధికి కోడలినై వచ్చినప్పటి నుంచి ఇక్కడ పాట ఎత్తేది నేనే. నేను ఒక మాట అందిస్తే చుట్టూ తిరిగే ఆడవాళ్లంతా అందుకునేవాళ్లు. కిందటేడు మోకాళ్లు మొరాయించాయి. మా కోడలు హారిక ప్లాస్టిక్ కుర్చీ తెచ్చి పక్కన వేసి, "అత్తమ్మా, నువ్వు కూసోని చూడు, మేం ఆడుతం" అంది. కూర్చున్నాను. కాసేపటికి ఎవరో వచ్చి ఫోన్ నా ఒళ్లో పెట్టారు. "జర చూస్తుండు వదినె" అని ఇంకొకామె చేతిసంచి పెట్టింది. తర్వాత అందరూ తెచ్చి పెట్టారు. పాట ఇంకెవరో ఎత్తారు. అది సగంలో ఉండగా నా ఒళ్లో ఎవరిదో ఫోన్ మోగింది, ఆపడం నాకు రాలేదు. అందరూ నా వైపు చూసి నవ్వారు. మొగుడు కొట్టినందుకు కాదు, తోడికోడలు నవ్వినందుకు అన్నట్టు, మోకాళ్ల నొప్పి కంటే ఆ నవ్వే నాకు ఎక్కువ నొప్పి పెట్టింది. పాట ఎత్తే మనిషిని సామాను కాసే మనిషిని చేశారు కదా అనుకున్నాను.

ఎదురింటి తాహెరా బేగం నీకు తెలుసు కదా, బడిలో ఆయాగా చేసి దిగిపోయింది. ఆమె బీపీ గోళీలకు దవాఖానకు పోతుంటే తోడు వెళ్లి నా మోకాళ్లు కూడా చూపించుకున్నాను. డాక్టరమ్మ కాళ్లు వంచి చూసి, ఏం పని చేసేదానివని అడిగింది. మగ్గం మీద జంపఖానాలు నేసేవాళ్లమని, ఆ పని ఆగిపోయాక ఇంట్లో కూర్చుని చీరలకు ఫాల్స్ కుడుతున్నానని చెప్పాను. "ఇన్నేండ్లు మగ్గం గుంటల ఆడిన కాళ్లమ్మా ఇవి. ఒక్కసారే కూసోబెడితే బిగుసుకపోవా? రోజు నడువు. మెల్లగ మొదలువెట్టు, నొప్పి ఎక్కువైతే ఆగు, మళ్ల నడువు" అంది. ఇంట్లో గోళీల సంగతే చెప్పాను, నడక సంగతి చెప్పలేదు.

ఎందుకు చెప్పలేదంటావా? మీ మరిది సంగతి నీకు తెలియనిది కాదు. హనుమకొండలో గ్రౌండు చుట్టూ బూట్లేసుకుని తిరిగేవాళ్లను చూసి ఆయన అనే మాట ఒకటుంది. "బతుకంత చాకిరి చేసినోళ్లం మనం. తిన్నది అరగనోళ్లు నడుస్తరు." మా రాంప్రసాద్ ఇంకో రకం. వాడు పనిచేసే ఫ్రిజ్‌ల దుకాణం నుంచి వస్తూ నేను రోడ్డు మీద కనబడితే చాలు, బండి ఆపి, "ఎక్కమ్మా, నేను లేనా? జనం చూస్తే ఏమనుకుంటరు" అంటాడు. తల్లిని నడవనిస్తే కొడుకు పరువు పోతుందట. మొగుడు ఎగతాళితో ఆపితే కొడుకు ప్రేమతో ఆపుతాడు. ఎవరికని చెప్పను?

పోనీ చెప్పకుండా నడుద్దామంటే గల్లీ ఉంది. మనలో ఆడమనిషి పని లేకుండా గడప దాటడం నువ్వెప్పుడైనా చూశావా? మూల మీది దుకాణం దాకా పోయేలోపు నలుగురు అడుగుతారు, "ఎటు పోతానవ్?" అని. దానికి జవాబు ఉండాలి. నడవడానికి అంటే అదొక జవాబా? అందుకని అటక మీది స్టీలు పాలక్యాను దించి తోమి చేతికి తగిలించుకున్నాను. పొద్దున్నే క్యానుతో పోతుంటే ఎవరూ ఏమీ అడగలేదు. మార్కెట్ యార్డు గేటు వైపు ఎంత నడవగలిగితే అంత నడిచి, మూత గట్టిగా పెట్టి, నిండుగా ఉన్నట్టు మెల్లగా పట్టుకుని తిరిగి వచ్చాను. ఇంటికి పాకెట్ పాలు ఎప్పటిలాగే వస్తున్నాయి. హారిక పాఠాలు చెప్పడానికి బడికి పోయే హడావిడిలో నేను ఎటు పోయి వస్తున్నానో పట్టించుకోదు.

తాహెరా మాత్రం పట్టేసింది. వారం తిరక్కుండానే తన ఇంటి గేటు దగ్గర ఆపి, "వినోదక్కా, పాలున్న క్యాను గిట్ల ఊగదు" అంది. చెప్పక తప్పలేదు. విని నవ్వలేదు. "నాకు గూడ నడువుమని చెప్పిండ్రు, ఒక్కదాన్నే ఎట్ల పోవాలె అని ఊకున్న. కుక్కలంటే నాకు భయం" అంది. మర్నాటి నుంచి ఆమె కూరగాయల సంచి పట్టుకుని నా వెంట వస్తోంది. ఆమె సంచీ ఖాళీయే.

నువ్వు నవ్వితే నవ్వు. నిన్న ఇంటి మెట్లు గోడ పట్టుకోకుండా ఎక్కాను. ఎవరూ చూడలేదు. నేనే చూసుకుని మురిసిపోయాను. ఈ ఏడు సద్దులకు ఆ కుర్చీలో కూర్చోను అక్కా, పాట నేనే ఎత్తుతాను. అప్పటిదాకా ఈ మాట నీ కడుపులోనే ఉంచు.

నీ చెల్లి,
వినోద


కాశిబుగ్గ
వినాయక నిమజ్జనం అయిన మర్నాడు

అక్కా,

నా తెలివి తెల్లారినట్టే ఉంది. నా క్యాను మా కోడలి మెడకు చుట్టుకుంది.

మూల మీది దుకాణం మొగిలమ్మ నోట్లో నువ్వు గింజ నానదు. పాకెట్ పాలు రోజూ మా ఇంటికి రావడం ఆమె చూస్తుంది. నేను క్యానుతో పోవడమూ చూస్తుంది. రెండూ కలిపి లెక్క తేల్చింది. కోడలు అత్తకు చాయ కూడా పోయడం లేదు కాబట్టి, అత్త తన పాలు తానే తెచ్చుకుని తాగుతోందట. ఆ మాట గల్లీ తిరిగి, మార్కెట్‌కు వచ్చినవాళ్ల నోటబడి, హారిక పుట్టిల్లు కేసముద్రం చేరింది.

హారిక తండ్రి కట్టయ్యన్న రైలెక్కి వచ్చాడు. మామూలుగా వస్తే గడపలోనే బావా అని మీ మరిదిని పిలిచి నవ్వే మనిషి. ఈసారి కుర్చీ అంచున కూర్చున్నాడు. నేనిచ్చిన చెంబు పక్కన పెట్టాడు, నీళ్లు ముట్టలేదు. "చెల్లె, నా బిడ్డ నీకు పాలు పోస్తలేదట. నేను గట్ల పెంచిన్నా?" అని అడిగాడు. గట్టిగా కూడా అడగలేదు. హారిక వంటగది తలుపు దగ్గర నిలబడి ఉంది. ఆ పిల్ల ముఖం చూడలేకపోయాను.

అప్పుడే నిజం చెప్పి ఉండాల్సింది. దొంగకు తేలు కుట్టినట్టయింది నా పని. ఏమని చెప్పను? కోడలి తండ్రి ముందు, మొగుడి ముందు, ఈ వయసులో బతుకమ్మ ఆడాలని ఖాళీ క్యాను పట్టుకుని ఊరంతా తిరుగుతున్నాననా? నోటికి వచ్చింది అనేశాను. "అయ్యో అన్నా, నా కోడలు బంగారం. మోకాళ్లకు ఆవుపాలు మంచియని ఎవరో అంటే తెచ్చుకుంటాన" అన్నాను. కట్టయ్యన్న తల ఊపాడు కాని నమ్మలేదు. నీళ్లు తాగకుండానే వెళ్లిపోయాడు. తర్వాత మీ మరిది, "ఇంటి ఇజ్జత్ బజార్ల పెట్టినవ్. పాలు కావాలంటే నోరు లేదా నీకు?" అని రెండు రోజులు మాట్లాడలేదు.

అసలు కష్టం ఆ తర్వాత మొదలైంది. రాంప్రసాద్ మర్నాడే ఎవరినో మాట్లాడి ఆవుపాలు గుమ్మం దగ్గరికి తెప్పించాడు. ఇక నాకు గడప దాటే పని లేదు. క్యాను మళ్లీ అటకెక్కింది. రోజూ పొద్దున హారిక పెద్ద గ్లాసు నిండా కాచిన పాలు తెచ్చి, నేను తాగేదాకా ఎదురుగా నిలబడుతోంది. కోపం చేయదు. నాకు చిన్నప్పటి నుంచి పాలు పడవని నీకు తెలుసు. ముక్కు మూసుకుని తాగుతున్నాను. అత్తకు పాలు పోయని కోడలన్న మాటను ఆ పిల్ల గ్లాసుతో కడుక్కుంటోంది, నేనేమో ఆ గ్లాసు వెనక దాక్కుంటున్నాను.

నడక ఆగిపోయింది. తాహెరా రెండు రోజులు గేటు దగ్గర చూసి, "నువ్వు రాకుంటే నేనెట్ల పోత అక్కా" అని సంచి మడిచి లోపల పెట్టింది. మోకాళ్లు మళ్లీ బిగుస్తున్నాయి. పొద్దున లేవగానే గోడ కోసం చేయి దానంతట అదే పోతోంది. బతుకమ్మలు మొదలయ్యే పెత్రమాస దగ్గరికొస్తోంది.

మానేద్దామని నిర్ణయించుకున్నాను. కోడలి పేరు కంటే నా పాట ఎక్కువా? కుర్చీలో కూర్చుంటాను, ఫోన్లు కాస్తాను. అయినా నీతో ఒక మాట అనకుండా ఉండలేకపోయాను. మానేయమనే నువ్వూ అంటే ఇక దిగులుండదు.

వినోద


పరకాల
ఉత్తరం అందిన రోజే

వినోదా,

మానేయమని నేను అనను. నీ ఉత్తరం చదివి నాకు ముందు కోపం వచ్చింది, తర్వాత నవ్వు వచ్చింది, ఆ తర్వాత సిగ్గు వచ్చింది. సిగ్గు ఎందుకో చివర చెప్తాను.

ముందు కోపం సంగతి. హారిక పేరు కాపాడడానికి మానేస్తానంటున్నావే, మానేస్తే ఆ పేరు బాగుపడుతుందా? ఇప్పుడు గల్లీ ఏమనుకుంటోంది? తండ్రి వచ్చి గట్టిగా అడిగాక కోడలు దారికొచ్చి పాలు పోస్తోందని కదా? నువ్వు ఇంట్లో కూర్చున్నకొద్దీ ఆ మాట నిజమవుతుంది. ఆ పిల్లను ఆ మాట నుంచి బయటపడేయాలంటే ఒక్కటే దారి. నువ్వు ఎక్కడికి పోయావో, ఎందుకు పోయావో చెప్పాలి. నవ్వుతారంటావా, నవ్వనీ. నవ్వు పడడం నీకు కష్టమే కాని, చేయని తప్పు మోయడం దానికి అంతకంటే కష్టం.

మన అమ్మను గుర్తు తెచ్చుకో. ఆమె పొలం కాడికి నడిచినా, పుట్టింటికి నడిచినా నెత్తిన ఏదో ఒకటి ఉండాల్సిందే. ఒకసారి ఉత్త చేతులతో వాకిట్లో నిలబడితే నాయినమ్మ, "ఏందే, దొరసానిలెక్క నిలబడ్డవ్" అంది. అది విని పెరిగినవాళ్లం మనం. చేతిలో బరువు ఉంటేనే ఆడమనిషి నడకకు మర్యాద అని మనకు రక్తంలోకి ఎక్కింది. నిన్ను ఎందుకు అంటాను, నేనూ అదే గంజి తాగాను కదా.

ఇక సిగ్గు సంగతి. చెప్తాను, తిట్టుకోకు.

నాకు ఫోన్లో మాట వినపడుతుంది వినోదా. మా పెద్దోడు కిందటేడు చెవి మిషను కొనిచ్చాడు. పెట్టుకుంటే పక్కింట్లో తాలింపు కూడా వినపడుతుంది. అప్పటికే నాకు షుగరు వచ్చింది, రోజూ నడవమన్నారు. నాకూ నీలాగే జవాబు దొరకలేదు. నీకు ఉత్తరం రాస్తే, అది వేయడానికి పోస్టాఫీసుకు పోవచ్చు. దారిలో ఎవరడిగినా, "మా చెల్లెకు ఉత్తరం వేసొస్తా" అంటే మర్యాదగా ఉంటుంది. అందుకని ఫోన్లో గుయ్యిమంటుందని మా ఇంట్లోవాళ్లకూ చెప్పాను, నీకూ చెప్పాను. మా వాకిలి పక్కనే పోస్టు డబ్బా ఉంది. అందులో ఒక్కటీ వేయలేదు. ఊరు దాటి పోస్టాఫీసుకే పోతాను, వంకర దారిన. ఉత్తరం లేనినాడు కవర్లు కొనాలని పోతాను, జవాబు వచ్చిందేమో అడగాలని పోతాను.

నీకు వచ్చిన ఉత్త కవరు మతిమరుపు కాదు. ఆ రోజు రాయడానికి ఏమీ తోచలేదు, నడవాలనేమో కాళ్లు లాగుతున్నాయి. అతికించి పట్టుకుపోయాను. అది నా పాలక్యాను.

ఇప్పుడు చూడు మన బతుకు. పరకాలలో ఒకతి ఖాళీ కవరుతో, కాశిబుగ్గలో ఒకతి ఖాళీ క్యానుతో. ఇద్దరమూ మోకాళ్లకూ షుగరుకూ నడుస్తున్నాం, ఇద్దరమూ దొంగల్లా నడుస్తున్నాం. చెల్లెవు నువ్వు ముందు బయటపడు. నీ వెనక నేను వస్తాను. పెద్దదాన్ని ముందు నేనే చేయాలి కాని, నీకున్న గొంతు నాకు లేదు. పాట ఎప్పుడూ నువ్వే ఎత్తావు, నేను అందుకున్నాను.

మీ యమునక్క


కాశిబుగ్గ
సద్దుల బతుకమ్మ మర్నాడు

దొంగ అక్కా,

నీ ఉత్తరం చదివి తాహెరాకు కూడా చదివి వినిపించాను. ఇద్దరం నవ్వి నవ్వి ఆమె గేటు పట్టుకుని నిలబడ్డాం. ఇన్నాళ్లూ నీకు వినపడదని నేను మనసులోని మాటలన్నీ కాగితం మీద పెడుతుంటే, నువ్వు వాటితో షికారు చేస్తున్నావా? చేశావులే. నా ఉత్తరాలకు అంత ఉపయోగం ఉందని తెలిస్తే ఇంకా పొడుగ్గా రాసేదాన్ని.

జరిగింది చెప్తాను. మర్నాడు పొద్దున హారిక పాలగ్లాసు తెచ్చి నిలబడింది. నేను తాగలేదు. అటక మీది క్యాను దించమని రాంప్రసాద్‌కు చెప్పాను. మీ మరిది చాయ తాగుతూ చూస్తున్నాడు. మూత తీసి హారిక చేతికిచ్చి, "వాసన చూడు బిడ్డా, పాల వాసన ఉన్నదా?" అన్నాను.

పిల్ల ముక్కు దగ్గర పెట్టుకుని చూసింది. "లేదత్తమ్మా. స్టీలు వాసనే."

"అందుల ఎన్నడు పాలు పొయ్యలే. నాకు పాలు పడయ్."

"మరి రోజు ఎటు పోయినవ్?"

"ఎటూ పోలే. నడిచిన."

ఎవరికీ అర్థం కాలేదు. అప్పుడు మొదటి నుంచి చెప్పాను. డాక్టరమ్మ మాట, గల్లీకి జవాబు లేకపోవడం, కిందటేటి కుర్చీ, ఒళ్లో మోగిన ఫోన్, అన్నీ. మీ మరిది ముందు నవ్వాడు, నేను కుర్చీ సంగతి చెప్పేసరికి నవ్వు ఆపాడు. హారిక మాత్రం క్యాను కింద పెట్టలేదు. "కుర్చీ నేనే వేసిన గద అత్తమ్మా" అంది మెల్లగా. ప్రేమతోనే వేశావని, అందుకే చెప్పలేకపోయానని అన్నాను. అప్పుడు ఏడ్చింది. ఇన్ని రోజులూ ఒక్క కన్నీటి బొట్టు రాల్చని పిల్ల.

ఏడుపు తుడుచుకుని కేసముద్రానికి ఫోన్ చేసి నా చేతికిచ్చింది. కట్టయ్యన్నకు అంతా చెప్పి, నీ బిడ్డ మీద పడ్డ మాటకు నేనే కారణం, క్షమించమన్నాను. అంతా విన్నాడు. తర్వాత, "చెల్లె, ఆనాడు నీళ్లు తాగకుండ వస్తే స్టేషన్ దాక నోరెండిపోయింది. దసరకు వచ్చి తాగుత" అన్నాడు.

ఇంట్లో చెప్పడం సగమే అక్కా. మిగతా సగం గల్లీలో ఉంది. మర్నాడు బాగా తెల్లారాకే, అందరూ వాకిళ్లు ఊడ్చే వేళ చూసి బయల్దేరాను. హారిక తన కాన్వాసు బూట్లు ఇచ్చింది, చీర కింద తెల్లగా కనబడుతూనే ఉన్నాయి. చేతుల్లో ఏమీ లేదు. నమ్ముతావో లేదో, నాలుగడుగులు వేశాక చేతులు ఎక్కడ పెట్టుకోవాలో తెలియలేదు. కొంగు పట్టుకున్నాను, వదిలేశాను, వెనక్కు కట్టుకున్నాను. తాహెరా పక్కన వస్తూ, "ఊపు అక్కా, ఊగుతయి అవే" అంది.

మొగిలమ్మ దుకాణం ముందే ఉంది. "ఎటు పోతానవ్ వినోదక్కా, పాలకేనా?" అంది.

"కాదు. నడుస్తాన."

"గదే, ఏం పనికి?"

"నడుసుడే పని. మోకాళ్లకు. ఇన్నాళ్లు గూడ గదే పనికి పోయిన, క్యాను ఖాళీదే. నా కోడలు నాకు పాలు పొయ్యక కాదు, నేను తాగక. నలుగురికి చెప్పినవ్ గద, ఇది గూడ చెప్పు."

గల్లీలో చీపుళ్లు ఆగాయి. నేను ఆగలేదు.

యార్డు దారిలో రాంప్రసాద్ దుకాణానికి పోతూ బండి ఆపాడు. అలవాటు చొప్పున ఎక్కమనబోయాడు. "నువ్వే దిగు" అన్నాను. దిగి, బండి నెట్టుకుంటూ కొంత దూరం మా వెంట నడిచాడు. మనిషికి ఆయాసం వచ్చింది.

నాలుగు రోజుల తర్వాత ఒక వింత. మొగిలమ్మ గొడుగు పట్టుకుని మా వెనక వస్తోంది. మబ్బు లేదు, ఎండ లేదు. "ఎటు?" అని నేను అడగలేదు. తాహెరాయే, "ఆ గొడుగు నా గేటుకు తగిలియ్యి వదినె, వచ్చేటప్పుడు తీసుకపో" అంది. ఇప్పుడు ఆ గేటుకు గొడుగుతో పాటు ఇంకా రెండు సంచులు వేలాడుతున్నాయి. మీ మరిది ఇంకా తిన్నది అరగనోళ్లు అనే అంటున్నాడు, కాని గేటు దాకా వచ్చి ఎవరెవరు పోతున్నారో చూసి పోతున్నాడు. వస్తాడులే.

ఇక నిన్నటి సంగతి. బతుకమ్మలు వీధి మధ్య పెట్టారు. హారిక అలవాటుగా కుర్చీ తెచ్చింది, నా ముఖం చూసి నాలుక కరుచుకుంది. "ఉండనియ్యి" అని నా చేతిలోని ఫోన్ తీసి ఆ కుర్చీలో పెట్టాను. నా వెనక అందరూ తెచ్చి పెట్టారు. కుర్చీ నిండింది. దాన్ని ఎవరూ కాయలేదు, ఏమీ పోలేదు.

పాట నేనే ఎత్తాను అక్కా. మొదటి మాటకు గొంతు జీరపోయింది, రెండో మాటకు సర్దుకుంది. వంగి చప్పట్లు కొట్టి అడుగు మార్చి తిరుగుతుంటే మగ్గం మీది కాళ్లు మళ్లీ వచ్చినట్టనిపించింది. నొప్పి పుట్టలేదని అబద్ధం చెప్పను. పుట్టింది, ఆడాను. నీళ్ల దాకా మా బతుకమ్మను నా నెత్తినే పెట్టుకుని నడిచాను. కిందటేడు నన్ను ఆటోలో పంపారు. తాహెరా అంచున నిలబడి చూసింది, తిరిగి వచ్చేటప్పుడు నా వెంటే నడిచింది. మీ మరిది ఇంటికి వచ్చాక, నా వైపు చూడకుండా, "గొంతు గట్లనే ఉన్నది నీది" అన్నాడు. ఇన్నేళ్ల కాపురంలో అది ఆయన ఇచ్చిన పెద్ద బిరుదు.

నాకు గర్వంగా ఉంది. దాచుకోను. నా కాళ్లను చూసుకుని నాకు గర్వంగా ఉంది, నా కోడలిని చూసుకుని అంతకంటే గర్వంగా ఉంది.

నీకు వినపడుతుందని తెలిసింది కాబట్టి ఆదివారం ఫోన్ చేస్తాను, ఎత్తు. అయినా ఉత్తరాలు మానకు. ఈ ఉత్తరం రాంప్రసాద్ వేసొస్తానన్నాడు, ఇవ్వలేదు. నేనే తీసుకుపోతున్నాను, పెద్ద పోస్టాఫీసుకు, వంకర దారిన. మొగిలమ్మ ఎటు పోతున్నావంటే, ఉత్తరం వేయడానికని చెప్పను. నడవడానికని చెప్తాను. ఉత్తరం దారిలో పోస్టులో పడేస్తాను.

నీ వెనక కాదు, ఈసారి నీ ముందు నడిచే చెల్లి,
వినోద